పలక కడుపున రాసిన తేదీ

ఊళ్లో ఆయన్ని నేలాయన అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించిన దాఖలా లేదు. ఇండోర్ స్టేడియంలో చెక్కనేలని ముప్ఫై తొమ్మిదేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు మరి? మంగలి షాపులో కూచున్నా, మందుల షాపు ముందు నిలబడ్డా, "ఏం నేలాయనా, బావున్నావా" అనే మాటే.

ఆయన భార్యకి మాత్రం ఆ పేరంటే ఒళ్లుమంట. "ఇంట్లో వంటగది గచ్చు పగిలి మూడేళ్లయింది. అక్కడి నేలలో మాత్రం ముఖం చూసుకోవచ్చట. రేపట్నుంచి నేనూ ఓ బంతి పట్టుకుని అక్కడికే వస్తాను, అప్పుడైనా నన్ను పట్టించుకుంటావేమో" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మాటకి మాట అప్పజెప్పే అలవాటు ఆయనకి లేదు. చెప్పితీరాల్సిన మాట కూడా చెప్పకుండా ముప్ఫై ఒక్కేళ్లు కడుపులో పెట్టుకుని తిరిగాడంటే ఆ అలవాటు మనిషిని ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి. ఇక్కడ చెప్పబోయేది ఆ సంగతే.

కానీ ముందు ఆ హాలు గురించి చెప్పాలి. హాలు తెలీకపోతే ఈ మనిషి తెలీడు.

ఇప్పుడు స్టేడియం ఉన్నచోట ఒకప్పుడు సరుకుల గోదాములుండేవి. అవి తగలబడిపోయాక ఆ జాగా ఏళ్ల తరబడి బూడిదా పిచ్చిమొక్కలతో పాడుబడి ఉంది. ఊళ్లో ఆటలంటే ఆరుబయటే. వానొస్తే ఆట లేదు, ఎండకాస్తే ఆడేవాళ్లకి కళ్లు కనపడవు, గాలొస్తే నోటినిండా దుమ్ము. యాభై అయిదేళ్ల కిందట ఊరి పెద్దలు తలో చెయ్యీ వేసి, పైన కప్పున్న ఆటస్థలం కట్టి తీరాలని తీర్మానించారు. దానికోసం ఒక కళ్లజోడు ఇంజనీరుని పిలిపించారు.

ఆ ఇంజనీరు మొండిఘటం. లోపల ఒక్క స్తంభం కూడా ఉండడానికి వీల్లేదన్నాడు. ఇవతలి నేల మీంచి లేచి, అంతెత్తున వంగి, అవతలి నేల మీద దిగే ఉక్కు కమానులు పదకొండు వరసగా నిలబెట్టాడు. వాటి మీదే కప్పంతా. "కాళ్లు లేని కప్పు ఎన్నాళ్లుంటుందయ్యా" అని జనం ముక్కున వేలేసుకున్నారు. అప్పుడాయన కప్పు నిండా ఇసుక బస్తాలు ఎత్తించి, దాని కింద సరిగ్గా నట్టనడుమ రెండు కుర్చీలు వేయించి, ఒకదాంట్లో తను కూచుని, రెండోదాంట్లో భార్యని కూచోబెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన పేపరు చదువుకున్నాడు. ఆవిడ పైకీ చూడకుండా, మొగుడి వంకా చూడకుండా బఠాణీలు ఒలుస్తూ కూచుందట. కప్పు బొటనవేలంత కూడా కుంగలేదు. ఆ తర్వాత నెల్లాళ్లు ఆవిడ ఆయనతో మాట్లాడలేదని కూడా అంటారు. అందులో నిజమెంతో గానీ, నేనైతే ఆవిడ పక్షమే.

ప్రేక్షకులు కూచునే మెట్లు తొమ్మిది వరసలు. ఎత్తు ఎంత ఉండాలో పుస్తకం చూసి తేల్చలేదు. పనివాళ్లలో అందరికన్నా పొడుగైన తాపీమేస్త్రిని ముందు మెట్టు మీద, అందరికన్నా పొట్టివాణ్ణి వెనక మెట్టు మీద కూచోబెట్టి, "కనిపిస్తోందా?" అని అడుగుతూ, కనిపించేదాకా పెంచుకుంటూ పోయాడు. కిటికీలన్నీ ఉత్తరపు గోడకే, అదీ బాగా పైన, గరుకు అద్దాలతో పెట్టించాడు. ఏ వేళా ఎండ ఆటగాళ్ల కళ్లలో పడదు. గోడల అడుగున ఇటుక విడిచి ఇటుక పేర్పించి గాలికి దారి వదిలాడు.

నేల దగ్గరికొచ్చేసరికి ఆయనే చేతులెత్తేశాడు. "సిమెంటూ ఉక్కూ నా మాట వింటాయి. చెక్క వినదు" అని, వడ్రంగుల్లో పేరుమోసిన ఒక పెద్దమేస్త్రిని రప్పించాడు. ఆ పెద్దమేస్త్రి చేతికింద పనిలో చేరినవాడే మన నేలాయన. అప్పటికి ఆయనకి ఇరవై ఒక్కేళ్లు.

అడుగున సిమెంటు పరుపు. దాని మీద బారుగా దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న దూలాలు, అన్నిటికన్నా పైన నాలుగు వేళ్ల వెడల్పు పలకలు. ప్రతి పలకకీ ఒక పక్క నాలిక, ఇంకో పక్క గాడి. దీని నాలిక దాని గాడిలో ఇమిడిపోవాలి. చుట్టూ గోడకీ నేలకీ మధ్య మాత్రం రెండు వేళ్ల సందు వదిలారు. తెలీనివాళ్లు అది చూసి పనివాడి లోపం అనుకునేవారు. "వానాకాలం చెక్క ఒళ్లు చేస్తుంది, ఎండాకాలం చిక్కిపోతుంది. దానికీ మెసలడానికి చోటు ఉండొద్దూ?" అనేవాడు పెద్దమేస్త్రి.

ఆ పెద్దమేస్త్రికి రెండు పట్టింపులుండేవి. కొత్త చెక్క వచ్చీరాగానే వేయకూడదు. తలుపులు మూసిన హాల్లో పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి, పదిహేను రోజులు పేర్చి ఉంచాలి. "ఈ గాలి తాగనీరా దాన్ని. ఈ ఇంటిది అయ్యాక పనిలో పెట్టు" అనేవాడు. అది మొదటిది. రెండోది ఇంకా గట్టి పట్టింపు. ప్రతి పలక కడుపున, అంటే కిందికి పోయే వైపున, పెన్సిలుతో రెండు తేదీలు రాయాలి. చెక్క వచ్చిన తేదీ, వేసిన తేదీ. పక్కన వేసినవాడి గుర్తు. నేలాయన గుర్తు ఒక అడ్డగీత, దాని మీద చుక్క. చెక్క లెక్కకి వేరే పుస్తకమంటూ లేదు. "ఎప్పుడో ఎవడో విప్పుతాడు. అప్పటికి మనం ఉండం. పలకే చెప్పాలి. అందుకని దాని కడుపున మాత్రం అబద్ధం రాయకండిరా" అని పెద్దమేస్త్రి ప్రతి కొత్త పనివాడికీ చెప్పేవాడు.

పని పూర్తయ్యాక మిగతా వడ్రంగులు వెళ్లిపోయారు. నేల చూసుకోడానికి ఒక మనిషి కావాలంటే నేలాయన ఉండిపోయాడు. తెల్లవారుతూనే వచ్చి, చెప్పులు బయట విడిచి, నేల మీద ఈ మూల నుంచి ఆ మూలకి మడమతో కొడుతూ నడిచేవాడు. గట్టిగా పలికితే సరే. బోలుగా పలికితే అక్కడ సుద్దముక్కతో గుర్తు. తర్వాత తలెత్తు నుంచి బంతి వదిలి చూసేవాడు. నడుము దాకా లేస్తే నేల ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. ఒకసారి పోటీల ప్రారంభానికి వచ్చిన పెద్దమనిషి మేకుల బూట్లతో టకటకా లోపలికి నడవబోతే, ఈయన అందరి ముందూ ఆయన కాళ్ల దగ్గర గొంతుక్కూచుని బూటు లేసులు విప్పడం మొదలెట్టాడు. అధికారులకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పెద్దమనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది. మేజోళ్లతోనే వెళ్లి ఉపన్యాసమిచ్చాడు. ఒక మేజోడుకి చిల్లుందని ఊరంతా చెప్పుకున్నారు.

ఆయనకి ఒక్కతే కూతురు. నడక నేర్చింది ఆ నేల మీదే. బంతి కన్నా పొట్టిగా ఉన్నప్పట్నుంచీ బంతి వెంట పడింది. పన్నెండేళ్లొచ్చేసరికి బాస్కెట్‌బాల్లో మగపిల్లల్ని కూడా మూడు చెరువుల నీళ్లు తాగించేది. పైకి లేచిందంటే దిగడం మర్చిపోయిందా అనిపించేది. నేలాయన మెట్ల మీద చివర కూచుని చూసేవాడు. చప్పట్లు కొట్టేవాడు కాదు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూచునేవాడంతే. ఇంటికెళ్లాక భార్యతో, "ఇవాళ బాగానే ఆడింది" అనేవాడు. ఆవిడ, "నేల బాగుంది అనే అంటావేమో అనుకున్నా" అనేది.

అమ్మాయికి పంతొమ్మిదేళ్లు నిండిన ఏడు పెద్ద పోటీలు ఆ హాల్లోనే పెడతామన్నారు. పోటీలు జరిగే ఊరి జట్టుకి నేరుగా చోటు. పెద్ద జట్టుకి ఎంపిక చేసేవాళ్లు వచ్చి చూస్తారు. అమ్మాయికి అంతకన్నా మంచి తరుణం రాదు. సరిగ్గా పోటీలకి నెలరోజుల ముందు కప్పు ఒకచోట కారి, ఎడమవైపు బుట్ట కింద పద్నాలుగు పలకలు నాని ఉబ్బిపోయాయి.

కప్పు బాగుచేశారు. ఆట ఆపి హాలు మూసేశారు. కొత్త చెక్కకి కబురెళ్లింది. వరదలకి దారులు తెగి ఆ చెక్క రావడం ఆలస్యమై, ఆఖరికి ఇరవయ్యో తారీఖున వచ్చింది. పోటీలు వచ్చే నెల రెండున. పదిహేను రోజులు ఆగితే పోటీలు దాటిపోతాయి. "నేల ఇరవై అయిదుకల్లా సిద్ధం కాకపోతే పోటీలు ఇంకో ఊరికి మార్చేస్తాం" అని పైనుంచి ఉత్తరం వచ్చింది. పెద్దమేస్త్రి అప్పటికి ముసలివాడైపోయి, జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. సాయానికి వచ్చిన ఇద్దరు కూలీలకి తేదీలతో పని లేదు.

ముట్టుకుంటే చల్లగా తగిలింది ఆ చెక్క. లోపల తడి ఉందని ఆయన అరచేతికి తెలిసిపోయింది. అయినా నాలుగంటే నాలుగే రోజులు ఉంచి, ఇరవై నాలుగున పలకలు వేసేశాడు. ఎవరికోసమో చెప్పక్కర్లేదు. ఒక్కో పలకా తిప్పి కడుపున తేదీలు రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఇరవై అని రాస్తే, రేపు పెద్దమేస్త్రి జ్వరం తగ్గి వచ్చి ఒక్క పలక విప్పినా తల ఎత్తుకోలేడు. తొమ్మిది అని రాశాడు. వచ్చింది తొమ్మిది, వేసింది ఇరవై నాలుగు. గీత, దాని మీద చుక్క. పద్నాలుగు పలకల మీదా అలాగే రాశాడు.

పోటీలకని పెద్ద లైట్లు ఎనిమిది రోజులు వెలిగాయి. ఆ వేడికి చెక్కలోని తడి ఆరింది. పలకలు చిక్కాయి, మేకులు పట్టు వదిలాయి, పలకకీ కింది దూలానికీ మధ్య గోరుపట్టేంత సందు పడింది. పైకి ఏమీ తెలీదు. మడమతో కొట్టి చూస్తే తెలిసేది. కానీ ఆఖరి రెండు రోజులూ హాలు నిండా కుర్చీలు మోసేవాళ్లూ వైర్లు లాగేవాళ్లూ. ఆ గోలలో ఆయన మడమ చప్పుడు ఆయనకే వినపడలేదు.

పోటీల మొదటిరోజు ఆట సగంలో అమ్మాయి ఎడమవైపు బుట్ట దగ్గర పైకి లేచింది. బంతి వేసింది. దిగింది. దిగిన కాలి కింద పలక ఒక పక్కకి కుంగి, పాదం అక్కడే ఉండిపోయి, మోకాలు తిరిగిపోయింది. ఆ చప్పుడు తొమ్మిదో మెట్టు మీద ఉన్నవాళ్లకి కూడా వినిపించింది.

రెండు ఆపరేషన్లు చేసినా కాలు సరిగ్గా మడతపడలేదు. ఆట అక్కడితో సరి.

వారం తర్వాత విచారణకి ముగ్గురు వచ్చారు. పలక విప్పారు. కింద సందు కనిపించింది, కడుపున తేదీలూ కనిపించాయి. అప్పటికి లేచి తిరుగుతున్న పెద్దమేస్త్రి కర్ర పొడుచుకుంటూ వచ్చి, "వీడు నా చేతికింద పెరిగినవాడు. రాసిందంటే రాసిందే. పదిహేను రోజులూ ఉంచి వేశాడు. వానాకాలం చెక్క, ఆ మాత్రం సందు ఎవడి చేతిలో ఉంది?" అన్నాడు. పలకని మళ్లీ అక్కడే బిగింపించి, పనివాడి తప్పు లేదని తేల్చారు. ఎవరి తప్పూ లేకుండా విచారణ ముగిస్తే కాగితం బోసిగా ఉంటుంది కదా, అందుకని ఆటగత్తె కాలు దింపడంలో నిర్లక్ష్యం వహించిందని రాసి సంతకాలు పెట్టి వెళ్లిపోయారు.

నేలాయన అక్కడే నిలబడి అంతా విన్నాడు. ఆ రోజు చెప్పాల్సింది. పెద్దమేస్త్రి ముందు చెప్పలేకపోయాడు. రేపు చెబుదామనుకున్నాడు. అమ్మాయి ఆస్పత్రిలో ఉంది, ఇంటికి రానీ అనుకున్నాడు. ఇంటికొచ్చింది, లేచి నడవనీ అనుకున్నాడు. నడిచింది, కుంటుతూ. ఇక ఆ కుంటి నడక చూస్తూ ఏమని చెబుతాడు? రెండేళ్లకి పెద్దమేస్త్రి పోయాడు. చెప్పకుండా ఉండడానికి ఆ సాకు కూడా పోయింది. అయినా చెప్పలేదు. మనిషి పిరికివాడనే నేనంటాను. ప్రేమ కొద్దీ చేసిన తప్పే కావచ్చు, దాచడం మాత్రం ప్రేమ కొద్దీ కాదు.

అమ్మాయి అన్నాళ్లూ ఖాళీగా కూచోలేదు. ఆడపిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టింది. పెళ్లి చేసుకుంది, రెండు వీధుల అవతల కాపురం పెట్టింది, కొడుకుని పెంచింది, అదే హాల్లో కోచ్ అయింది. పిల్లలు ఆవిణ్ణి కోచమ్మ అంటారు. మెడలో ఈల, చేతిలో బంతి, నడకలో ఆ కుంటు. రోజూ మొదటి అరగంట పిల్లల చేత బంతి పట్టించదు. గెంతించి, దిగించి, మళ్లీ గెంతించి, మళ్లీ దిగించి, "మోకాలు వంచండి, రెండు కాళ్ల మీదా బరువు పడాలి. నాలాగా దిగకండి" అనేది. ఏటా కొత్త పిల్లలొస్తారు. ఏటా అదే మాట. మెట్ల మీద చివర కూచున్న నేలాయన చెవిన అది ఎన్ని వేలసార్లు పడిందో ఆయనకే తెలీదు. పడ్డ ప్రతిసారీ లేచి వెళ్లి, అక్కర్లేకపోయినా ఎక్కడో ఒకచోట నేల తుడిచేవాడు.

అరవయ్యేళ్లకి ఉద్యోగం అయిపోయింది. హాలుకి వెళ్లడం అయిపోలేదు.

మొన్నటేడు ఆ పాతనేల మొత్తం ఎత్తేసి కొత్తది వేయాలని నిర్ణయించారు. కమానులకి రంగు, కిటికీలకి కొత్త అద్దాలు, నేల మాత్రం పూర్తిగా కొత్తది. పని చూడ్డానికి వచ్చిన కుర్ర ఇంజనీరు మర్యాదస్థుడు. "తాతగారూ, మొదటి పలక నుంచి ఉన్న మనిషి మీరొక్కరే. విప్పేటప్పుడు మీరు పక్కనుండాలి" అని ఇంటికొచ్చి మరీ పిలిచాడు. ప్రారంభం రోజున ఆయన్ని సత్కరిస్తామనీ, ఆయన వేసిన పలక ఒకటి గోడకి పెట్టి కింద పేరు చెక్కిస్తామనీ చెప్పాడు. భార్య మురిసిపోయి, "ఆ పేరు నాకైనా గుర్తుందో లేదో, కాగితం చూసి చెబుతానుండు బాబూ" అంది. నేలాయన ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

మూడోరోజుకి విప్పుడు ఎడమవైపు బుట్ట దగ్గరికి వచ్చింది. కోచమ్మ కూడా ఉంది. ఆమె పిల్లలు ఆడాల్సిన నేల కాబట్టి పని జరుగుతున్నన్నాళ్లూ వచ్చి చూసుకునేది. కూలీ గునపం మొన దూర్చి పైకి ఎత్తాడు. పలక మూలుగుతూ లేచింది. కుర్ర ఇంజనీరు దాన్ని తిప్పి, చొక్కా చేతితో దుమ్ము తుడిచాడు.

"ఇదుగో, గీత మీద చుక్క. మీ గుర్తే కదా తాతగారూ? వచ్చింది తొమ్మిది, వేసింది ఇరవై నాలుగు. సరిగ్గా పదిహేను రోజులు." తర్వాత కూతురి వైపు చూసి, కొంచెం తడబడుతూ, "ఇది... మీరు పడ్డ చోటు కదండీ. పాత విచారణ కాగితం నేను చదివాను" అన్నాడు.

"అవును. ఇక్కడే" అంది ఆమె. కాలు మడవలేక, నడుము మాత్రం వంచి ఆ పలక వంక చూసింది.

ఇంజనీరు నిటారుగా నిలబడి, పదిహేను రోజుల మాట పాతకాలపు పట్టింపని మొదట్నుంచీ వాదిస్తున్న కొత్తనేల కాంట్రాక్టరుతో, "మీరన్నదే నిజమనిపిస్తోంది. పదిహేను రోజులు ఉంచి వేసినా ఇక్కడ సందు పడింది. కాగితంలో కూడా అదే ఉంది. అంటే ఆ పట్టింపు వల్ల ఒరిగేదేమీ లేదు" అన్నాడు.

"అదేగా సార్ నేను మొత్తుకునేది" అన్నాడు కాంట్రాక్టరు. కొత్త చెక్క ఆ పొద్దున్నే వచ్చి బయట షెడ్డులో దిగింది. పన్నెండు రోజుల్లో ప్రారంభం. "మిషన్లో ఆరబెట్టిన సరుకు. ఆ కాలం మాటలు పట్టుకు వేలాడితే పని తెమలదు. రేపే మొదలెట్టేద్దాం."

"సరే, రేపే" అన్నాడు ఇంజనీరు.

నేలాయన ఆ మాట విన్నాడు. తన అబద్ధం అక్కడ, అందరి చేతుల్లో, సాక్ష్యమై కూచుంది. దాన్ని నమ్మి రేపు ఈ గాలి తాగని చెక్క పరుస్తారు. దాని మీద ఈ పిల్లలు గెంతుతారు, ఎంత బాగా దిగడం నేర్చుకున్నా సరే. ఆయన కూతురి వంక చూశాడు. డెబ్భై మూడేళ్ల మనిషి, దూలాలు దాటుకుని పలక దగ్గరికి వచ్చాడు.

"ఆ తేదీ అబద్ధం బాబూ" అన్నాడు.

ఇంజనీరుకి అర్థం కాలేదు. "ఏ తేదీ తాతగారూ?"

"తొమ్మిది కాదు. ఇరవై. చెక్క ఇరవైన వచ్చింది. నాలుగు రోజులే ఉంచాను. పచ్చిగా ఉందని నా చేతికి తెలుసు. తెలిసే వేశాను, తెలిసే తొమ్మిదని రాశాను. పద్నాలుగు పలకలూ అంతే, విప్పి చూసుకోండి. పదిహేను రోజుల మాట తప్పు కాదు. తప్పు నాది."

కూలీ గునపం కింద పెట్టాడు.

కోచమ్మ పలక మీంచి చూపు తిప్పి తండ్రి వంక చూసింది. "ఎందుకు?" అంది.

"పోటీలు వేరే ఊరు పోతాయన్నారమ్మా. నీకు మళ్లీ అలాంటి అవకాశం రాదని..."

"నేనడిగేది అది కాదు నాన్నా. తర్వాత ఎందుకు చెప్పలేదు?"

ఆయన వంగి, పలక మీది తొమ్మిదిని బొటనవేలితో రుద్దాడు.

"ముప్ఫై ఒక్కేళ్లు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నా కాలిదే తప్పనుకున్నాను. దిగడం రాక నా బతుకు నేనే పాడుచేసుకున్నాననుకున్నాను. రోజూ పిల్లల ముందు నిలబడి నాలాగా దిగకండని చెప్పాను. నువ్వు అక్కడ కూచుని విన్నావు. రోజూ విన్నావు నాన్నా."

"విన్నానమ్మా."

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "పదిహేను రోజులు ఆగండి. అప్పటిదాకా నా పిల్లలెవరూ ఇందులో అడుగుపెట్టరు. ప్రారంభం వాయిదా వేసుకుంటారో, నేల లేకుండా చేసుకుంటారో మీ ఇష్టం" అని చెప్పి, కర్రలూ మేకులూ దాటుకుంటూ, కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయింది. తండ్రి వంక చూడలేదు.

ప్రారంభం వాయిదా పడింది. కాంట్రాక్టరు సణుగుతూనే చెక్కని లోపల పేర్పించి మధ్యన పుల్లలు పెట్టించాడు. సత్కారం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేలాయనా దాన్ని తలుచుకోలేదు.

రోజూ సాయంత్రం ఇంటికి వచ్చిపోయే కూతురు రావడం మానేసింది. నాలుగోరోజున భార్య, "దానితో ఏం గొడవ పెట్టుకున్నావు?" అని నిలదీసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆయన అంతా చెప్పేశాడు. ఆవిడ పొయ్యి ఆపి, పగిలిన గచ్చు మీద గోడకి ఆనుకుని కూచుంది. బాగా చీకటి పడ్డాక, "ఆ కాగితం మీద దాని తప్పని రాస్తుంటే నిలబడి చూశావా?" అని మాత్రం అడిగింది. ఆయన తలూపాడు. ఆవిడ లేచి కంచం పెట్టింది. తను తినలేదు.

తర్వాత ఆవిడే కూతురింటికి వెళ్లి వచ్చి ఒక కబురు చెప్పింది. పిల్లలకి ఇప్పుడు స్కూలు ఆవరణలో నేర్పుతోందట. అరగంట గెంతించి దించడం మానలేదట. "నాలాగా" అన్న మాట మాత్రం అనడం లేదట. నేలాయన ఆ మాట విని లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఏడ్చాడో లేదో ఆవిడ చూడలేదు, చూడాలనుకోలేదు.

చెక్క వచ్చిన పదహారో రోజు పొద్దున కుర్ర ఇంజనీరు బండి పంపించాడు. నేలాయన వెళ్లేసరికి హాల్లో కొత్త దూలాలు బారులు తీరి ఉన్నాయి. ఉత్తరపు కిటికీల వెలుగు వాటి మీద పడుతోంది. పైన పదకొండు కమానులు, ఆ కళ్లజోడు ఇంజనీరు నిలబెట్టినట్టే ఉన్నాయి. చెప్పులు విడిచి, పేర్చిన చెక్క దగ్గరికి వెళ్లి, ఒక పలక తీసి అరచెయ్యి ఆనించాడు. చల్లగా లేదు. ఇంకోటి తీశాడు, అదీ అంతే.

"వేయొచ్చు" అన్నాడు.

"మొదటి పలక మీద తేదీలు మీరే రాయండి తాతగారూ. ఈ నేలకి కూడా ఆ పద్ధతే పెడుతున్నాం" అన్నాడు ఇంజనీరు.

అప్పుడు తలుపు దగ్గర అలికిడైంది. కూతురు. చంకలో బంతి. చెప్పులు విడిచి, ఒక్కో దూలం చూసుకుంటూ నెమ్మదిగా వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన తన చెవి మీది పెన్సిలు తీశాడు. ఆ పెన్సిలు ఆమె ముందుకి చాపాడు.

"నువ్వు రాయమ్మా. నా రాతకి విలువ లేదు."

ఆమె పెన్సిలు అందుకోలేదు. బంతి కింద పెట్టి, పలకని రెండు చేతులతో తిప్పి, కడుపు పైకి వచ్చేలా దూలాల మీద ఆనించి పట్టుకుంది.

"నువ్వే రాయి నాన్నా" అంది. "నేను చూస్తాను."

ఆయన మోకాళ్ల మీద కూచుని రాశాడు. చెక్క వచ్చిన తేదీ. కింద, వేసే తేదీ. పక్కన గీత, దాని మీద చుక్క. చాలాసేపు పట్టింది. ఆమె వంగి రెండు తేదీలూ చదివి, వేళ్ల కణుపుల మీద మొదటి రోజు నుంచి లెక్కపెట్టింది. మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"పదిహేను" అంది. పనివాళ్ల వైపు తిరిగి, "సరే, ఇక తిప్పండి" అంది.